హైదరాబాద్‌లో ఇల్లు కొన్నా, అద్దెకిచ్చినా, అద్దెకున్నా: ఏ కాగితం ఏం చెబుతుంది, ఏం చెప్పదు

హైదరాబాద్‌లో ఆస్తి గొడవల్లో చిక్కుకున్న ఎవరిని పలకరించినా మొదట వినిపించే మాట ఒకటే: ‘మా దగ్గర కాగితాలన్నీ ఉన్నాయండీ’. నిజంగానే ఉంటాయి. ఆస్తి పన్ను రశీదు, కరెంటు బిల్లు, నోటరీ పత్రం, బ్యాంకు ఇచ్చిన రుణ మంజూరు లేఖ, అన్నీ ఒక ఫైలులో పదిలంగా ఉంటాయి. లేనిదల్లా హక్కును నిరూపించే కాగితం.

ప్రతి కాగితానికీ ఒక పరిధి ఉంది. కరెంటు బిల్లు మీటరు ఎవరి పేరిట ఉందో చెబుతుంది, అంతవరకే. ఆస్తి పన్ను రశీదు పన్ను ఎవరు కడుతున్నారో చెబుతుంది. మ్యుటేషన్ అంటే పన్ను రికార్డులో పేరు మారడం. దానితో యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. బ్యాంకు రుణం ఇచ్చిందంటే తన అప్పు భద్రమని అది అనుకుందని అర్థం, మీ హక్కుకు పూచీ పడిందని కాదు. ఏ కాగితాన్ని ఎంతవరకు నమ్మాలో తెలిస్తే సగం చిక్కులు మొదలే కావు. అందుకే కొనడం దగ్గర మొదలుపెట్టి, కుటుంబ వాటాలు, అద్దె వ్యవహారాలు, చివరికి కోర్టు మెట్ల దాకా అదే వరుసలో వెళ్దాం.

మొదటి మెట్టు: అమ్మేవారికి ఆ ఆస్తి ఎలా వచ్చింది?

ధర మాట్లాడే ముందు అడగాల్సింది లింకు డాక్యుమెంట్లు. ఇప్పటి యజమానికి ఎవరు అమ్మారు, వారికి ఎవరు అమ్మారు, ఇలా వెనక్కి కనీసం ముప్పై ఏళ్ల గొలుసు కనబడాలి. నడుమ ఒక్క కొక్కెం తెగినా ఆగిపోండి. ‘వాళ్ల నాన్నగారు పోయారు, ఇప్పుడు కొడుకు అమ్ముతున్నాడు’ అంటే తల్లి ఉన్నారా, అక్కచెల్లెళ్లు ఉన్నారా, వారు సంతకాలు పెడుతున్నారా అన్నదే మీ తరువాతి ప్రశ్న.

జిరాక్సు కాపీలు చూసి తృప్తి పడవద్దు. దస్తావేజు నంబరు, సంవత్సరం, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం పేరు ఉంటే సర్టిఫైడ్ కాపీకి మీరే దరఖాస్తు చేసుకోవచ్చు. చేతికొచ్చాక అమ్మేవారు చూపిన దస్తావేజుతో పక్కపక్కన పెట్టి చదవండి: పేర్లు, విస్తీర్ణం, నాలుగు హద్దులు. ఫోర్జరీలు చాలావరకు ఈ పోలికలోనే బయటపడతాయి.

మన నగరంలో రెండు రకాల పత్రాల దగ్గర ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. ఒకటి నోటరీ. పాత బస్తీల్లో నోటరీ మీదే చేతులు మారిన ఇళ్లు వీధికి కొన్ని ఉంటాయి. వంద రూపాయలు, ఆపై విలువ చేసే స్థిరాస్తి విక్రయం రిజిస్టరు దస్తావేజుతోనే జరగాలని ఆస్తి బదిలీ చట్టం చెబుతుంది. నోటరీ ఆ సంతకాలు తన ముందు జరిగాయని మాత్రమే చెప్పగలరు. రెండోది జీపీఏ, అంటే తన తరఫున వ్యవహరించమని యజమాని వేరొకరికి రాసిచ్చే అధికార పత్రం. సూరజ్ ల్యాంప్ కేసులో 2011లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: జీపీఏ, అగ్రిమెంటు, వీలునామా కలిపి తీసుకున్నంత మాత్రాన యాజమాన్యం బదిలీ కాదు. జీపీఏ పొందిన వ్యక్తి యజమాని తరఫున మీకు విక్రయ దస్తావేజు రాసివ్వవచ్చు. కానీ ఆ రోజుకు యజమాని బతికి ఉన్నారా, ఆ అధికారాన్ని రద్దు చేసుకున్నారా అన్నది మీరే విచారించుకోవాలి. మామూలు జీపీఏ, ఇచ్చినవారి మరణంతో ముగిసిపోతుంది. యజమాని అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటే వీడియో కాల్‌లో ఒకసారి నేరుగా మాట్లాడటం కనీస జాగ్రత్త. విదేశంలో రాసిన జీపీఏకు ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. వేయించారో లేదో చూడండి.

రెండో మెట్టు: ఈసీ చదవడం

ఈసీ, అంటే ఆస్తిపై రిజిస్టరయిన లావాదేవీలను చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, అందరూ తీస్తారు, చదివేవారు తక్కువ. తెలంగాణ రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైటులో 1983 నుంచి వివరాలు దొరుకుతాయి. అంతకు ముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో పాత పుస్తకాలు వెతికించాలి.

కాగితం చేతికి వచ్చాక ఇలా చూడండి. ఒక్కో అడ్డు వరుస ఒక్కో లావాదేవీ. మొదట ఆస్తి వర్ణన: ఇంటి నంబరు, సర్వే నంబరు, ప్లాటు నంబరు, గజాలు, హద్దులు. తరువాత తేదీలు: రాసిన రోజు, దాఖలు చేసిన రోజు, రిజిస్టరయిన రోజు. ఆపైన అది ఏ రకం దస్తావేజు, ఎంత విలువ. దాని పక్కన పేర్లు. పేరు ముందు ఈఎక్స్ అని ఉంటే రాసిచ్చినవారు, సీఎల్ అని ఉంటే రాయించుకున్నవారు. ఎంఆర్, ఎంఈ అని కనిపిస్తే అది తాకట్టు: మొదటిది తాకట్టు పెట్టినవారు, రెండోది పెట్టించుకున్నవారు. తాకట్టు వరుస కనబడితే దాన్ని విడిపించిన వరుస కూడా కింద ఎక్కడో కనబడాలి. కనబడకపోతే అప్పు తీరిందన్న నోటిమాటను ఒప్పుకోవద్దు. బ్యాంకు లేఖ, విడుదల పత్రం రెండూ అడగండి.

ఒకే నంబరుతో వెతికి వదిలేయడం పెద్ద పొరపాటు. హైదరాబాద్ ఇళ్లకు పాత మున్సిపల్ నంబరు, కొత్త నంబరు రెండూ ఉంటాయి. రెండింటితోనూ, ప్లాటు నంబరుతోనూ, సర్వే నంబరుతోనూ విడివిడిగా వెతకాలి. శివార్లలో సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల పరిధులు విడిపోయి కొత్తవి ఏర్పడ్డాయి కాబట్టి, ఆ ఊరు ఇంతకుముందు ఏ కార్యాలయం కింద ఉండేదో కనుక్కుని అక్కడ కూడా చూడాలి.

ఇంత చేసినా ఈసీలో కనబడనివి ఉన్నాయి. వీలునామాలు అందులో ఉండవు. రిజిస్టరు కాని అగ్రిమెంట్లు ఉండవు. కోర్టులో నడుస్తున్న దావా గురించి చాలాసార్లు ఉండదు. ముస్లిం కుటుంబాల్లో నోటిమాటగా ఇచ్చే హిబా (దానం), ఇస్తానని చెప్పడం, స్వీకరించడం, స్వాధీనం అప్పగించడం జరిగితే చెల్లుతుంది, అదీ కనబడదు. అందుకని మూడు పనులు అదనంగా చేయండి: ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో అమ్మేవారి పేరుతో కేసులు వెతకండి, బ్యాంకు తాకట్లు నమోదయ్యే కేంద్ర రిజిస్ట్రీ సెర్సాయ్‌లో చూడండి, లాయరు ద్వారా పత్రికలో బహిరంగ ప్రకటన ఇప్పించండి. దావా నడుస్తున్న ఆస్తిని కొంటే ఆ తీర్పు మీకూ వర్తిస్తుంది. ‘నాకు తెలియదు’ అన్న వాదన అక్కడ నిలవదు.

మూడో మెట్టు: ఆ భూమి ఎలాంటిది?

అమ్మేవారి పత్రాలు సక్రమంగా ఉండి, భూమే అమ్మడానికి వీల్లేనిది కావచ్చు. హైదరాబాద్ చుట్టూ ఇది చాలా పెద్ద సమస్య, ఎందుకంటే ఇక్కడి భూములకు నిజాం కాలం నుంచి పొరలు పొరలుగా చరిత్ర ఉంది. ఇనాం భూమి (పాలకులు మాన్యంగా ఇచ్చినది) అయితే ఓఆర్‌సీ, అంటే 1955 నాటి ఇనాముల రద్దు చట్టం కింద ఇచ్చిన స్వాధీనానుభవ హక్కు పత్రం ఉండాలి. రక్షిత కౌలుదారు, అంటే కౌలు చట్టం రక్షణ పొందిన సాగుదారు భూమి అయితే, ఆ చట్టంలోని 38-ఇ సెక్షను కింద కౌలుదారుకు యాజమాన్యం ఇచ్చిన ధ్రువపత్రం ఎవరి పేరిట ఉందో చూడాలి. పట్టాదారు నుంచి మీరు కొన్నాక, రక్షిత కౌలుదారు మనవలు వచ్చి తలుపు తట్టిన ఉదంతాలు రంగారెడ్డి జిల్లాలో కొత్త కాదు. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూములను 1977 చట్టం ప్రకారం కొనకూడదు. వక్ఫ్, దేవాదాయ భూముల సంగతి చెప్పనక్కర్లేదు. పాత రికార్డులు ఉర్దూలో ఉంటే భయపడి వదిలేయకండి, చదివించుకోండి. 1954-55 నాటి ఖాస్రా పహాణీ (అప్పటి సాగు, హక్కుల రికార్డు), సేత్వార్ (తొలి సర్వే రికార్డు) చూస్తే భూమి మూలం చాలావరకు తెలిసిపోతుంది.

రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఎ కింద నిషేధిత ఆస్తుల జాబితా రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైటులోనే ఉంది. సర్వే నంబరు కొట్టి చూడండి. వ్యవసాయ భూమి అయితే 2020 అక్టోబరు నుంచి ధరణిలో, 2025 ఏప్రిల్ నుంచి దాని స్థానంలో వచ్చిన భూభారతిలో చూడాలి. అక్కడ రిజిస్ట్రేషను చేసేది తహసీల్దారే.

ఇక చెరువులు. 2024 జూలైలో, చెరువుల ఆక్రమణలను తొలగించే హైడ్రా సంస్థ ఏర్పడిన తరువాత ఎఫ్‌టీఎల్, బఫర్ అనే మాటలు ఇంటింటా వినబడుతున్నాయి. చెరువు నిండుగా ఉన్నప్పుడు నీరు చేరే హద్దు ఎఫ్‌టీఎల్. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు ఆ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నవాటికి 9 మీటర్లు బఫర్, అంటే కట్టడాలు కట్టకూడని జాగా అని 2012 నాటి భవన నిబంధనలు చెబుతున్నాయి. నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైటులో పటాలు ఉన్నాయి. ఎండాకాలంలో స్థలం చూసి కొనవద్దు. గట్టి వాన పడిన మరునాడు వెళ్లి నిలబడి చూడండి, ఎన్నో ఏళ్లుగా అక్కడే ఉన్నవారితో మాట్లాడండి. పటం చెప్పని సంగతులు వారు చెబుతారు.

శంకర్‌పల్లి, షాద్‌నగర్, ఘట్‌కేసర్ వైపు గుంటల లెక్కన అమ్మే ‘ఫామ్ ప్లాట్ల’ మీద ఒక మాట. గుంట అంటే 121 గజాలు. బ్రోచరులో కనిపించే నలభై అడుగుల రోడ్డు ఏ ఆమోదిత లేఅవుటులోనూ లేకపోతే, అది కాగితం మీద గీత మాత్రమే. రేపు పక్క గుంట కొన్నవారు కంచె వేస్తే మీకు దారి ఉండదు. లేఅవుటు ఆమోదం హెచ్‌ఎండీఏ లేదా రాష్ట్ర పట్టణ ప్రణాళిక శాఖ డీటీసీపీ ఇచ్చిందా, ఆ ఎల్‌పీ (లేఅవుటు అనుమతి) నంబరు నిజమైనదా అని ఆ కార్యాలయంలోనే తేల్చుకోండి. సర్పంచి సంతకంతో వచ్చిన లేఅవుటు చాలదు.

నాలుగో మెట్టు: ఫ్లాటు కొంటుంటే

500 చదరపు మీటర్లు మించిన స్థలం లేదా ఎనిమిది మించిన ఫ్లాట్లు ఉన్న ప్రాజెక్టుకు 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం, అంటే రెరా కింద నమోదు తప్పనిసరి. నమోదు కాకముందు ప్రకటన ఇవ్వకూడదు, బుకింగు తీసుకోకూడదు. అంటే ‘ప్రీ లాంచ్ ఆఫర్’ అనే మాటే చట్టానికి ఎదురు. చదరపు అడుగుకు సగం ధర అని చెప్పి, మొత్తం సొమ్ము ముందే తీసుకుని, భూమిలో విడదీయని వాటా రాసిస్తామనే పథకాల్లో వేలాది మధ్యతరగతి కుటుంబాలు నగరంలో నలిగిపోయాయి. అలా చేతికొచ్చేది భూమిలో ఎక్కడుందో చూపలేని ఒక ముక్క. ఫ్లాటు కాదు, అనుమతి కూడా కాదు. ధర ఎంత ఊరించినా రెరా నంబరు లేనిచోట రూపాయి కట్టకండి.

రెరా వెబ్‌సైటులో నంబరు కొట్టి ప్రాజెక్టు పేజీలోకి వెళితే ఆమోదించిన ప్లాను, పూర్తి చేస్తామన్న తేదీ, భూమి పత్రాలు కనబడతాయి. రిజిస్టరు అగ్రిమెంటు లేకుండా ధరలో పది శాతానికి మించి బిల్డరు తీసుకోకూడదు. కొనుగోలుదారుల సొమ్ములో 70 శాతం ఆ ప్రాజెక్టు కోసమే ప్రత్యేక ఖాతాలో ఉంచాలి.

మన ఊళ్లో ఎక్కువ అపార్ట్‌మెంట్లు స్థల యజమానికీ బిల్డరుకూ మధ్య డెవలప్‌మెంటు ఒప్పందంతో కట్టినవే. ఎవరి వాటాకు ఏ ఫ్లాట్లు వచ్చాయో సప్లిమెంటరీ ఒప్పందంలో ఉంటుంది. మీరు కొంటున్న ఫ్లాటు నంబరు అమ్మేవారి వాటాలోనే ఉందో లేదో అందులో వేలు పెట్టి చూసుకోండి. ఇంకొకటి, చాలామందికి తెలియనిది: ప్లాను ప్రకారం కడతారన్న హామీగా కట్టడ విస్తీర్ణంలో పది శాతాన్ని బిల్డరు మున్సిపాలిటీకి తాకట్టు పెట్టాలి. నివాసయోగ్యతా పత్రం, అంటే ఓసీ వచ్చేదాకా ఆ ఫ్లాట్లు విడుదల కావు. మీ ఫ్లాటు ఆ పది శాతంలో ఉందేమో అడగండి. పార్కింగు విషయంలో కూడా: బహిరంగ పార్కింగు స్థలం ఉమ్మడి ఆస్తి అని రెరా చట్టం చెబుతోంది, దాన్ని విడిగా అమ్మడానికి లేదు.

ఇల్లు ఆలస్యమైతే మీకు రెండు దారులు. బయటికి రావాలనుకుంటే కట్టిన సొమ్ము వడ్డీతో సహా అడగవచ్చు. ఉండాలనుకుంటే ఆలస్యమైన ప్రతి నెలకూ వడ్డీ అడగవచ్చు. స్వాధీనం తీసుకున్న ఐదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడి మీరు చెబితే, ముప్పై రోజుల్లో ఉచితంగా సరిచేయాల్సింది బిల్డరే. లోపం కనబడగానే ఫొటో తీసి ఈమెయిల్ పంపండి. నోటిమాటగా చెప్పి ఊరుకుంటే ఆ ఐదేళ్లూ ఇట్టే గడిచిపోతాయి.

ఐదో మెట్టు: బయానా నుంచి రిజిస్ట్రేషను దాకా

బయానా (ముందస్తు సొమ్ము) ఇచ్చే రోజే విక్రయ ఒప్పందం రాసుకోండి, ఆ డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి. స్థిరాస్తి లావాదేవీలో ఇరవై వేలు, ఆపైన నగదుగా తీసుకుంటే ఆదాయపు పన్ను చట్టం కింద అంతే మొత్తం జరిమానా పడవచ్చు. ఒప్పందంలో మిగతా సొమ్ముకు గడువు తేదీ, అమ్మేవారు తేవాల్సిన పత్రాల జాబితా, మాట తప్పితే బయానా ఏమవుతుందన్నది స్పష్టంగా ఉండాలి.

అమ్మేవారు వెనక్కి తగ్గితే, ఒప్పందం అమలు చేయించమని మూడేళ్లలోపు దావా వేయాలి. గడువు తేదీ రాసి ఉంటే ఆ తేదీ నుంచి, లేకపోతే వారు నిరాకరించిన సంగతి మీకు తెలిసిన రోజు నుంచి లెక్క. అయితే డబ్బుతో మీరు మొదటి నుంచీ సిద్ధంగా ఉన్నట్లు చూపాలి. అందుకే గడువుకు ముందే ‘మిగతా సొమ్ము సిద్ధంగా ఉంది, ఫలానా రోజు రిజిస్ట్రేషనుకు రండి’ అని స్పీడ్ పోస్టులో ఒక ఉత్తరం వేయడం ఎంతో ఉపయోగం.

2021 జూలైలో సవరించిన రేట్ల ప్రకారం సాధారణ విక్రయానికి స్టాంపు సుంకం 5.5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషను రుసుము 0.5, మొత్తం 7.5 శాతం. వెళ్లే ముందు వెబ్‌సైటులో మరోసారి చూసుకోండి. ఆస్తి విలువ 50 లక్షలు, ఆపైన ఉంటే ఒక శాతం పన్ను కోసి ప్రభుత్వానికి కట్టే బాధ్యత కొనేవారిదే. అమ్మేవారు ప్రవాస భారతీయులైతే ఈ ఒక శాతం లెక్క పనికిరాదు, కోత చాలా ఎక్కువ ఉంటుంది. ఆడిటరును అడగకుండా చెల్లించవద్దు. దస్తావేజు మీద సంతకాలయ్యాక నాలుగు నెలల్లోపు రిజిస్ట్రేషనుకు దాఖలు చేయాలి.

రిజిస్టరయిన దస్తావేజును అమ్మినవారు ఒక్కరే వెళ్లి రద్దు చేయించలేరు. అలాంటి ఏకపక్ష రద్దు జరిగితే దాన్ని ప్రశ్నించవచ్చు.

ఇంట్లోవారి వాటాలు

తండ్రి స్వార్జితాన్ని తన ఇష్టం వచ్చినవారికి రాసిచ్చుకోవచ్చు. వీలునామా లేకుండా హిందువైన పురుషుడు మరణిస్తే భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి సమాన వాటాదారులు. ఆ తల్లిని మరిచిపోవడం నేను తరచూ చూసే పొరపాటు: కొడుకు పోతే అతని ఫ్లాటులో అతని తల్లికి కూడా భార్యాబిడ్డలతో సమానంగా వాటా ఉంది.

పిత్రార్జితంలో కూతుళ్ల హక్కు గురించి ఇంకా వాదులాడుకోవడం బాధాకరం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లోనే అవివాహిత కుమార్తెలకు ఈ హక్కు ఇచ్చింది. 2005 కేంద్ర సవరణ కుమార్తెలందరికీ ఇచ్చింది. ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందనీ, 2005 నాటికి తండ్రి జీవించి ఉండనక్కర్లేదనీ వినీతా శర్మ కేసులో 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు పత్రంతోనో కోర్టు డిక్రీతోనో పంపకాలు ముగిసి ఉంటే వాటిని తిరగదోడలేరు. ‘కట్నం ఇచ్చాం కదా’ అన్నది వాటా లేదనడానికి కారణం కాదు. తన వాటా తనకు వద్దనుకున్న ఆడపడుచు హక్కు విడుదల పత్రం రిజిస్టరు చేసి ఇవ్వాలి. తెల్లకాగితం మీద సంతకం చెల్లదు. ముస్లింలకు, క్రైస్తవులకు వారసత్వ నియమాలు వేరు.

మీసేవ ద్వారా వచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం వారసులెవరో చెబుతుంది, వాటాలు పంచదు. వీలునామాకు రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు గానీ ఇద్దరు సాక్షులు కావాలి; రిజిస్టరు చేస్తే తరువాత గొడవ తక్కువ. పిల్లలకు దానపత్రం రాసిచ్చే పెద్దలకు నా విన్నపం: ‘నా పోషణ, వైద్యం చూసుకోవాలన్న షరతుతో’ అన్న వాక్యం అందులో తప్పక రాయించండి. అది ఉంటే, రేపు చూడకపోయినప్పుడు 2007 నాటి వృద్ధుల సంరక్షణ చట్టం కింద ఆర్డీవో ట్రిబ్యునల్‌కు వెళ్లి దానాన్ని రద్దు చేయించుకునే దారి బలంగా ఉంటుంది.

అద్దె: ఇచ్చేవారికీ, తీసుకునేవారికీ

అందరూ పదకొండు నెలలకే ఎందుకు రాస్తారు? ఏడాది మించిన అద్దె ఒప్పందం రిజిస్టరు చేయాలి కాబట్టి. పదకొండు నెలలది చెల్లుతుంది, కానీ గడువు తీరాక కొత్తది రాసుకోవాలి. మూడేళ్లకు రాసి రిజిస్టరు చేయకపోతే ఆ షరతులను కోర్టులో నిరూపించుకోవడం కష్టం. దుకాణాలకు, కార్యాలయాలకు ఖర్చయినా రిజిస్టరు చేయించుకోవడమే మేలు.

గొడవలన్నీ అడ్వాన్సు దగ్గరే వస్తాయి. కాబట్టి ఈ వాక్యం యథాతథంగా రాసుకోండి: ‘అద్దెదారు ఇల్లు ఖాళీ చేసి తాళాలు అప్పగించిన రోజే, బకాయి ఉన్న అద్దె, కరెంటు, నిర్వహణ రుసుములు, రంగుల ఖర్చు కింద రూ. …… మినహాయించి, మిగిలిన అడ్వాన్సు బ్యాంకు ద్వారా తిరిగి చెల్లించాలి. సాధారణ అరుగుదలకు కోత ఉండదు.’ రంగుల ఖర్చు అంకె ముందే రాయడం ముఖ్యం. దిగిన రోజు గదిగదికీ వీడియో తీసి, మీటరు రీడింగుతో సహా ఇద్దరూ ఒకరికొకరు వాట్సాప్‌లో పంపుకోండి. అడ్వాన్సు ఇవ్వకపోతే నోటీసు ఇచ్చి, మూడేళ్లలోపు దావా వేయవచ్చు.

ఖాళీ చేయించడం ఎలా? ఇక్కడ రెండు చట్టాల మధ్య గీత ఉంది. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కింద బుద్ధిపూర్వకంగా అద్దె ఎగ్గొట్టడం, అనుమతి లేకుండా వేరొకరికి ఇవ్వడం, ఇంటిని పాడుచేయడం, యజమానికి నిజంగా అవసరం పడటం వంటి కారణాలు రెంట్ కంట్రోలర్ ముందు నిరూపించాలి. అయితే 2005 సవరణ తరువాత నగరపాలక సంస్థల పరిధిలో నెల అద్దె రూ. 3,500 మించిన ఇళ్లు ఆ చట్టం బయట ఉంటాయి. అంటే నేటి ఫ్లాట్లలో అత్యధికం ఆస్తి బదిలీ చట్టం కిందకే వస్తాయి. ఒప్పందంలో వేరే గడువు లేకపోతే పదిహేను రోజుల రాతపూర్వక నోటీసు, ఆపైన సివిల్ కోర్టులో ఖాళీ దావా. పాత అద్దెతో దశాబ్దాలుగా నడుస్తున్న అబిడ్స్, సుల్తాన్ బజార్ వంటి చోట్ల దుకాణాలకు మాత్రం అద్దె నియంత్రణ చట్టం ఇంకా పెద్ద విషయమే.

ఏ చట్టమైనా, యజమాని తాళం వేయడం, కరెంటు, నీళ్లు ఆపడం, సామాను బయట పెట్టడం తప్పు. కోర్టు ద్వారా కాకుండా మిమ్మల్ని బయటికి గెంటితే, ఆరు నెలల్లోపు నిర్దిష్ట ఉపశమన చట్టం కింద దావా వేసి స్వాధీనం తిరిగి పొందవచ్చు. అక్కడ యజమాని ఎవరన్న ప్రశ్నే రాదు. యజమాని కావాలనే అద్దె తీసుకోవడం మానేస్తే మీరు ఊరుకోవద్దు. బ్యాంకులో వేయండి, వెనక్కి వస్తే మనీ ఆర్డరు పంపండి, ఆ రశీదు దాచండి. బకాయిదారు అన్న ముద్ర పడకుండా కాపాడేది అదే.

‘పన్నెండేళ్లు ఉంటే ఇల్లు అద్దెదారుదైపోతుందా?’ కాదు. అద్దెదారు ఉండేది యజమాని అనుమతితో. అనుమతితో ఉన్నంతకాలం, ఎన్నేళ్లయినా, వ్యతిరేక స్వాధీనం (అనుమతి లేకుండా ఏళ్ల తరబడి అనుభవించి హక్కు పొందడం) మొదలు కాదు. ఇరవై ఏళ్ల నుంచి మంచిగా ఉంటున్న కుటుంబాన్ని ఈ భయంతో ఖాళీ చేయించకండి. ఒప్పందం ఎప్పటికప్పుడు కొత్తగా రాసుకుంటే చాలు. ఇల్లు అమ్ముడుపోతే? అద్దె ఒప్పందం రద్దు కాదు, కొత్త యజమాని పాత యజమాని స్థానంలోకి వస్తారు.

గొడవ వచ్చినప్పుడు

శివారులో ఖాళీ ప్లాటు ఉన్నవారికి మొదటి రక్షణ గోడే. ప్రహరీ కట్టి, పేరు బోర్డు పెట్టి, ఖాళీ స్థలం పన్ను కట్టి, ఏడాదికోసారైనా ఈసీ తీయండి. మీ ప్లాటుకు మరొకరు దస్తావేజు పుట్టిస్తే ముందుగా కనబడేది అక్కడే.

ఎవరైనా ఆక్రమించబోతున్నారని తెలియగానే తేదీతో ఫొటోలు తీసి, లాయరును కలిసి నిషేధ ఉత్తర్వు (ఇంజంక్షన్) కోసం దావా వేయండి. వారే ముందు కోర్టుకు వెళ్లి మీరు లేకుండా ఉత్తర్వు తెచ్చుకుంటారన్న అనుమానం ఉంటే కేవియట్, అంటే మా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వవద్దన్న ముందస్తు అర్జీ వేయండి; తొంభై రోజులు పనిచేస్తుంది. స్వాధీనం మీ దగ్గరే ఉండి, హక్కు మీద పెద్ద వివాదం లేకపోతే నిషేధ ఉత్తర్వు దావా చాలు. హక్కునే ప్రశ్నిస్తుంటే హక్కు ప్రకటన (ఆస్తి మీదేనని కోర్టు ప్రకటించడం) కూడా అడగాలని అనాతుల సుధాకర్ కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ తేడా తెలియక వేసిన దావాలు ఏళ్లు నడిచి కొట్టుడుపోతుంటాయి. లాయరును ఈ ప్రశ్న సూటిగా అడగండి. ఆస్తి ఎక్కడుంటే అక్కడి కోర్టే: నగరం నడిబొడ్డులో అయితే సిటీ సివిల్ కోర్టు, రంగారెడ్డి జిల్లా పరిధి అయితే ఎల్‌బీ నగర్ వైపు.

పోలీసులు హక్కు తేల్చలేరు, ఇల్లు ఖాళీ చేయించలేరు. ఫోర్జరీ, మోసం, దౌర్జన్యంగా చొరబడటం జరిగితే మాత్రం ఫిర్యాదు తప్పక రాసివ్వండి, రశీదు తీసుకోండి. స్టేషనులో కూర్చోబెట్టి రాజీ పత్రం మీద సంతకం పెట్టమంటే పెట్టకండి. ఇంటికి తెచ్చుకుని చదివి, సలహా తీసుకున్నాకే.

బిల్డరు మీద అయితే రెరాకు ఫిర్యాదు; ఆదేశం నచ్చకపోతే అరవై రోజుల్లో అప్పీలు. వినియోగదారుల కమిషన్ మరో దారి: చెల్లించిన మొత్తం 50 లక్షల దాకా జిల్లాలో, రెండు కోట్ల దాకా రాష్ట్ర కమిషన్‌లో, గడువు రెండేళ్లు.

అన్నదమ్ముల వాటాలు, అడ్వాన్సు బకాయిలు, గోడ హద్దుల వంటివాటికి లోక్ అదాలత్‌ను మొదటే ప్రయత్నించమని గట్టిగా చెబుతాను. అక్కడి అవార్డు, అంటే రాజీ ఉత్తర్వు, కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు. నడుస్తున్న కేసు అక్కడ రాజీ అయితే కట్టిన కోర్టు రుసుము తిరిగి వస్తుంది. స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయరును ఇచ్చే బాధ్యత న్యాయ సేవాధికార సంస్థది. ఫోను నంబరు 15100. వెళ్లేటప్పుడు లింకు డాక్యుమెంట్లు, తాజా ఈసీ, అవతలివారు పంపిన ప్రతి నోటీసూ దాని కవరుతో సహా తీసుకెళ్లండి. కవరు మీది తపాలా ముద్రే ఒక్కోసారి గడువు లెక్కకు సాక్ష్యం అవుతుంది.